చందా, ఇష్తిహార్, సబీల్

పోయిన రంజాన్‌లో గద్వాలకు పోయినప్పుడు జరిగిన ముచ్చట. ఇఫ్తార్‌కు ఇంకా రెండే నిమిషాలు. దస్తర్‌ఖాన్ మీద ఖజూర్లు, తర్బూజా ముక్కలు, అమ్మీ చేసిన వడలు. మొహల్లా మస్జిద్ మైకు ఆ రోజు ఎందుకో గరగరమంటోంది. టైం సరిగ్గా చూద్దామని అమ్మీ ఫోన్ తీసి అజాన్ యాప్ తెరిచింది. మగ్రిబ్ టైం కనబడాల్సిన చోట ఒక కుర్రాడు ప్రత్యక్షమై, పత్తాలాట ఆడి లక్షలు గెలవండని అరవడం మొదలుపెట్టాడు. వాణ్ని మూసే గుర్తు ఏ మూలన ఉందో అమ్మీకి దొరకలేదు. దొరికి నొక్కితే ఇంకో దుకాణం తెరుచుకుంది.

"ఇను కౌన్ రే బీచ్ మే?" అంది అమ్మీ చిరాగ్గా. మధ్యలో వీడెవడని.

అంతలో మస్జిద్ నుంచి అజాన్ వినబడింది, మేం రోజా విప్పాం. కానీ ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. తరావీహ్ అయ్యాక అమ్మీ ఫోన్ తీసుకుని, ఏడాదికి సరిపడా పైసలు కట్టేశాను. ప్రకటనలు ఆగిపోయాయి. అబ్బాకు చెప్తే ఆయన కళ్లద్దాలు తీసి నన్నే చూస్తూ అన్నారు: "నమాజ్ కా టైం దేక్నేకు భీ పైసే దేనా క్యా?"

నమాజ్ టైం తెలుసుకోవడానికి కూడా డబ్బు కట్టాలా? చాలా సీదా ప్రశ్న. దీనికి జవాబు చెప్పడం నాకు కష్టమైంది. నేను అఖ్బార్‌లో పనిచేసేవాణ్ని. నా జీతంలో పాఠకుడి చందా ఎంత, ఇష్తిహార్ ఎంత అని హిసాబ్ తీస్తే ఇష్తిహార్ వైపే తక్కెడ ఒరుగుతుంది. అలాంటోణ్ని ఇంట్లో కూర్చుని ప్రకటనల మీద ఫత్వా ఇవ్వలేను. అందుకే జవాబు కోసం కొంచెం వెనక్కి, మన పాలమూరు చరిత్రలోకి పోయి చూశాను.

ముందు ఇంటి గోడ దగ్గర నుంచే మొదలుపెడతాను. అబ్బాకు గద్వాలలో దర్జీ దుకాణం ఉండేది. నేను ఉర్దూ మీడియం బడిలో చదివే రోజుల్లో ఆ దుకాణం గోడకు ప్రతి రంజాన్‌లో ఒక కార్డు వేలాడేది. సహర్, ఇఫ్తార్ టైం టేబుల్. పైన నెలవంక బొమ్మ, కింద ఒక బట్టల దుకాణం పేరు, చిరునామా. మీలో చాలామంది ఇళ్లలో ఇప్పటికీ ఉంటుంది. ఒకసారి చెప్పుల దుకాణం వాళ్లు వేయిస్తే ఇంకోసారి అత్తరు దుకాణం వాళ్లు. జుమా నమాజ్ తర్వాత మెట్ల దగ్గర పంచేవాళ్లు. పూరా ముఫ్త్. కార్డు అచ్చు ఖర్చు దుకాణందారు పెట్టుకున్నాడు, బదులుగా ముప్పై రోజులు మన కళ్ల ముందు తన పేరు ఉంచుకున్నాడు. ఇందులో మోసం లేదు, దాపరికం లేదు. అబ్బా ఆ దుకాణంలో ఒక్కసారి కూడా బట్ట కొన్నట్టు నాకు గుర్తు లేదు. దుకాణందారు వచ్చి అడగలేదు కూడా.

అంటే నమాజ్ టైంకి ఇష్తిహార్ అంటుకోవడం కొత్త కాదు. ఈ మాట ముందే ఒప్పేసుకోవాలి. మరి అమ్మీ ఫోన్‌లో అరిచిన కుర్రాడికీ, ఆ కార్డు కింద పేరుకీ ఫరక్ ఏమిటి? అసలు సంగతి అక్కడుంది. అక్కడికి మళ్లీ వస్తాను.

మన ప్రాంతంలో చదువుకు, కవిత్వానికి డబ్బు ఎవరు పెట్టారు అంటే మొదట వచ్చే పేర్లు సంస్థానాలవి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపూర్. నిజాం రాజ్యం కింద ఉంటూనే తమ దర్బార్లు తాము నడుపుకున్నవి. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరే ఉండేది. పండితులు వచ్చేవాళ్లు, సభలు జరిగేవి, సన్మానాలు అందేవి. తిరుపతి వెంకట కవులు గోదావరి వైపు నుంచి వచ్చి గద్వాల, వనపర్తి, ఆత్మకూరు దర్బార్లు తిరిగారు. నేను డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకున్నప్పుడు ఇవన్నీ చదివి గర్వపడ్డాను, మా ఊరి పేరు పాఠంలో వచ్చిందని. తర్వాత నెమ్మదిగా ఇంకోటి కనబడింది. ఖర్చు రాజుది, కాబట్టి తారీఫ్ కూడా రాజుదే. దీనికి కవిని నిందించను. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ఉర్దూ ఖసీదా కథ కూడా ఇదే. నవాబు ఇనాం ఇస్తాడు, షాయర్ ఆయన గుర్రాన్ని మెరుపుతో పోలుస్తాడు. వినే జనం ఒక్క పైసా కట్టరు, అందుకని ఏం వినాలో వాళ్లను ఎవరూ అడగరు.

ఈ పద్ధతిని మార్చింది అఖ్బార్. మార్చినవాళ్లలో ఒకరు మా గద్వాల మట్టిలోంచే వచ్చారు. సురవరం ప్రతాపరెడ్డి గారి ఊరు ఇటిక్యాలపాడు, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోది. 1926లో హైదరాబాద్ నుంచి ఆయన గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు వచ్చేది. అంతకు ముందే, 1913లో, మహబూబ్‌నగర్ నుంచి హితబోధిని అనే తెలుగు మాసపత్రిక వచ్చింది. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి, వరంగల్ వైపు ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక వచ్చాయి. సర్కారీ జబాన్ ఉర్దూ అయిన రాజ్యంలో తెలుగు పత్రిక నడపడమంటే సర్కారు వైపు నుంచి పైసా ఆశించకుండా నడపడం. గోలకొండ పత్రికకు పెద్దల అండ లేకపోలేదు. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టి హైదరాబాద్ కొత్వాల్ దాకా ఎదిగిన రాజాబహద్దూర్ వెంకట్రామరెడ్డి గారు వెనక నిలబడ్డారు. అయినా పత్రిక అన్నాక రోజు గడవాలంటే ఊళ్లలో ఉన్న పాఠకుడు చందా పంపాల్సిందే.

ఈ చందా అనే మాట చూడండి. ఫార్సీలో 'చంద్' అంటే కొన్ని, కొద్ది. నలుగురు తలా కొంచెం వేసి పోగుచేసింది చందా. మస్జిద్‌లో మనం వాడే మాట, మదర్సా రసీదు పుస్తకం మీద ఉండే మాట. తెలుగువాళ్లు పత్రిక కట్టుబడికి వేరే మాట వెతుక్కోకుండా దీన్నే తీసుకున్నారు. చందా, చందాదారు, జీవిత చందా. తెలుగు క్లాసులో మా లెక్చరర్ సార్ బోర్డు మీద 'చందాదారు' అని రాసి ఇది ఏ భాషా పదం అని అడిగితే, ఉర్దూ మీడియం నుంచి వచ్చి వెనక బెంచీలో నక్కి కూర్చున్న నేను మొదటిసారి చెయ్యెత్తాను. ఆ రోజు ఖుషీ ఇప్పటికీ గుర్తుంది.

1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల పేర్లు, పద్యాలు పోగుచేసి అచ్చువేశారు. ఇది కూడా ఒక రకం చందానే అనిపిస్తుంది నాకు. ఊరూరి నుంచి తలా ఒక పద్యం. దర్బారులో ఒక్కడి తారీఫ్ కోసం రాసిన దాన్ని ఇలా పోగుచేయలేం. సురవరం గారే 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు, 1953లో కన్నుమూశారు. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేనాటికి ఆయన లేరు.

ఉర్దూ వైపు చూస్తే ఈ చందా మాట ఇంకా కఠినంగా వినబడుతుంది. మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1912 జూలై 13న కలకత్తాలో అల్ హిలాల్ మొదలుపెట్టారు. మొదటి రోజుల్లోనే ఒక ధనవంతుడు పెద్ద మొత్తం సాయంగా పంపితే మౌలానా వాపసు చేశారు. పత్రిక వెల తప్ప ఇంకో పైసా ఎవరి దగ్గర తీసుకున్నా ఆ అఖ్బార్ మచ్చపడ్డట్టే అని ఆయన నమ్మకం. అలా అన్నందుకు ఖరీదు కూడా కట్టారు. ప్రెస్ చట్టం కింద 2,000 రూపాయల జమానత్ జప్తు చేసి ఇంకో 10,000 కట్టమన్నారు. 1914 చివర్లో అల్ హిలాల్ ఆగిపోయింది. లాహోర్‌లో మౌలానా జఫర్ అలీ ఖాన్ నడిపిన జమీందార్ పత్రిక గురించి అబ్బా చెప్పే ఖిస్సా ఒకటుంది. చదువు రాని పఠాన్లు కొంత పెట్టి అఖ్బార్ కొని, ఇంకొంత ఇచ్చి దాన్ని చదివించుకునేవాళ్లట. ఇంచుమించు ఇదే మాట చాలామంది పెద్దలు చెప్పారు. చదవడం రానివాడు కూడా వార్తకు రెండుసార్లు డబ్బు కట్టాడు.

మా హైదరాబాద్‌లో షోయబుల్లా ఖాన్ ఉన్నారు. రయ్యత్ పత్రిక మూతపడ్డాక, ఇంట్లో ఆడవాళ్ల నగలు అమ్మి 1947 నవంబర్ 15న ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక తెచ్చారు. అండగా నిలిచింది బూర్గుల రామకృష్ణారావు గారు. ఆయనదీ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లానే, కల్వకుర్తి వైపు పడకల్లు. రజాకార్లకు ఎదురు రాసినందుకు 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడ దగ్గర షోయబుల్లా ఖాన్ మీద దాడి చేసి, రాసే చేతులు నరికారు. తెల్లవారేలోపు పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ పత్రికను నగల డబ్బు కాక దర్బారు డబ్బు నడిపి ఉంటే ఆ రాతలు రాయనిచ్చేదా? ఈ ప్రశ్నకు మీకు నేను జవాబు చెప్పాల్సిన పని లేదు.

ఇక ఇష్తిహార్ కథ. 1833లో న్యూయార్క్‌లో బెంజమిన్ డే అనే అచ్చాపీసు యజమాని ద సన్ అనే పత్రిక పెట్టాడు. మిగతా పత్రికలు ఆరు సెంట్లకు అమ్ముతుంటే ఇతను ఒక్క సెంటుకే ఇచ్చాడు. లోటు ప్రకటనలు పూడుస్తాయి. కూలీలు, కొట్టు నౌకర్లు కూడా రోజూ పత్రిక కొన్నారు. ఇది చిన్న మేలు కాదు. ఇష్తిహార్ లేకపోతే గరీబు చేతికి అఖ్బార్ అంత తొందరగా వచ్చేది కాదు. కాకపోతే ఆ రోజు నుంచి పత్రికకు ఇద్దరు గిరాకీలు. పొద్దున కొనేవాడు ఒకడు, ప్రకటన ఇచ్చేవాడు ఇంకొకడు. ఇద్దరి మధ్య తగువు వస్తే ఎడిటర్ ఎటు మొగ్గుతాడో మా డెస్క్ మీద కూర్చున్న ఎవరినైనా అడగండి. పైకి చెప్పరు, చాయ్ తాగేటప్పుడు చెప్తారు.

ఇంటర్నెట్ వచ్చాక ఆ ఒక్క సెంటు కూడా పోయింది. గూగుల్ పెట్టిన ఇద్దరు కుర్రాళ్లు, 1998లో ఇంకా యూనివర్సిటీలో ఉన్నప్పుడు రాసిన పేపర్‌లో, ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజన్ సహజంగానే ప్రకటనదారు వైపు మొగ్గుతుందని రాశారు. రెండేళ్లకే, 2000లో, వాళ్లే ప్రకటనలు మొదలుపెట్టారు. ఆ పేపర్ ఇప్పటికీ చదవొచ్చు. ముఫ్త్‌గానే.

దీనికంటే మనకు దగ్గరి కథ వాట్సాప్‌ది. మన ఖాందాన్ గ్రూపులు, నికా పిలుపులు, మౌత్ ఖబర్లు, గల్ఫ్‌లో ఉన్న బేటాతో మాటలు అన్నీ అందులోనే కదా. 2009లో దాన్ని పెట్టినవాళ్లలో జాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్ ఇద్దరికీ ప్రకటనలంటే పడేది కాదు. ప్రకటనలు ఎందుకు అమ్మమో 2012లో కూమ్ రాసి మరీ పెట్టాడు. పద్ధతి ఏమిటంటే మొదటి ఏడాది ముఫ్త్, తర్వాత ఏడాదికి ఒక డాలరు. అసలు సిసలు చందా. మీలో ఎవరికైనా గుర్తుందా, మీ వాట్సాప్ గడువు ఫలానా తారీఖుకు ముగుస్తుందని కనిపించేది? 2014లో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2016 జనవరిలో ఆ డాలరు చందా ఎత్తేశారు. కారణం ఏం చెప్పారంటే, చాలామంది దగ్గర డెబిట్, క్రెడిట్ కార్డు నంబర్లు లేవు, ఏడాది కాగానే అయినవాళ్లతో మాట తెగిపోతుందేమోనని భయపడుతున్నారు అని.

నిజంగా ఆ కారణం అబద్ధం కాదు. 2016లో మా అమ్మీ దగ్గర కార్డు ఎక్కడిది? వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్ల దగ్గర ఎక్కడిది? చందా కట్టలేకపోవడం ఒకటి, కట్టే దారి లేకపోవడం ఇంకొకటి. మన దగ్గర రెండోది ఎక్కువ. అదే ఏడాది ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 11న పాలమూరు జిల్లా నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ వేరే జిల్లాలయ్యాయి. ఆ మధ్య నాగర్‌కర్నూల్ బస్టాండ్ పక్కన చాయ్ తాగి జేబు తడుముకుంటే, హోటల్ చాచా తల తిప్పకుండానే గోడ మీది క్యూఆర్ కోడ్ చూపించాడు. పది రూపాయలు ఫోన్‌లోంచి పోతున్నాయి. కట్టే దారి లేదన్న ఉజ్ర్ ఇప్పుడు చెల్లదు. కానీ వాట్సాప్‌లో డాలరు చందా తిరిగి రాలేదు. 2025 జూన్‌లో స్టేటస్ ఉండే చోట ప్రకటనలు వస్తాయని చెప్పారు.

ఇప్పుడు గోడ మీది కార్డు దగ్గరికి వస్తాను.

2020 నవంబర్‌లో అమెరికాలో మదర్‌బోర్డ్ అనే వార్తా సంస్థ ఒక ఖబర్ బయటపెట్టింది. ముస్లిం ప్రో అనే యాప్, నమాజ్ టైములు, ఖిబ్లా దిశ, ఖురాన్ తిలావత్ ఉండేది, 9 కోట్ల 80 లక్షల డౌన్‌లోడ్లు ఉన్నది, వాడేవాళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న సమాచారాన్ని ఎక్స్‌మోడ్ అనే కంపెనీకి పంపుతోంది. ఆ కంపెనీ దాన్ని కాంట్రాక్టర్లకు అమ్మితే, వాళ్ల ద్వారా అది అమెరికా ఫౌజుకు చేరుతోంది. మేం ఫౌజుకు నేరుగా ఏమీ అమ్మలేదని యాప్ వాళ్లు చెప్పారు, అలాంటి కంపెనీలతో రిష్తా తెంచుకుంటున్నామనీ చెప్పారు. రెండు నెలలకు, 2021 జనవరిలో, సలాత్ ఫస్ట్ అనే ఇంకో నమాజ్ యాప్ మీద అదే సంస్థ ఇలాంటి ఖబరే ఇచ్చింది. అక్కడ సమాచారం కొన్నది ప్రెడిసియో అనే ఫ్రాన్స్ కంపెనీ. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎక్స్‌మోడ్ మీద, అప్పటికి దాని పేరు అవుట్‌లాజిక్, సున్నితమైన చోట్లకు సంబంధించిన లొకేషన్ సమాచారం అమ్మకూడదని ఆంక్ష పెట్టింది. ఇబాదత్‌గాహ్‌లు అలాంటి చోట్లే కదా.

ఒక మనిషి రోజుకు ఐదుసార్లు, ఏ టైంకు, ఏ మస్జిద్‌లో నిలబడ్డాడో రాసిపెట్టుకున్న ఖాతా అది. ఎవరో నడిబజారులో అమ్ముతారు, ఎవరో కొంటారు.

గోడ మీది రంజాన్ కార్డు అబ్బాను చూడలేదు. ఆయన రోజా ఉన్నారా లేదా, ఫజర్‌కు లేచారా లేదా దానికి తెలియదు. బట్టల దుకాణం వాడికి తెలిసింది ఒక్కటే, ఇన్ని వందల కార్డులు పంచానని. ఇష్తిహార్ అప్పుడు వీధి వైపు తిరిగి నిలబడి కేకేసేది. ఇప్పుడు మన ఇంట్లోకి వచ్చి, మన వైపు తిరిగి కూర్చుని, రాసుకుంటోంది. నా గొడవ ఇష్తిహార్‌తో కాదు, ఆ రాసుకోవడంతో.

పైగా నమాజ్ టైం చెప్పడానికి అంత లొకేషన్ అక్కర్లేదు కూడా. పాత కార్డుల మీద హైదరాబాద్ టైం వేసి కింద జిల్లాలకు ఇన్ని నిమిషాలు కలుపుకోండి, తీసేయండి అని వేసేవాళ్లు. రేఖాంశంలో ఒక డిగ్రీ పడమరకు పోతే సూర్యుడు నాలుగు నిమిషాలు ఆలస్యం. హైదరాబాద్ కంటే గద్వాల సుమారు ముప్పాతిక డిగ్రీ లోపే పడమర. అంటే దాదాపు రెండున్నర, మూడు నిమిషాలు. వనపర్తికి నిమిషంన్నర, రెండు. నాగర్‌కర్నూల్‌కు ఒక నిమిషం కూడా లేదు. ఋతువును బట్టి ఇంకాస్త ఇటూ అటూ. యాప్‌కు మీ ఊరి పేరు చెప్తే చాలు. మీ ఇంటి గుమ్మం, మీ మస్జిద్ గేటు, మీరు దారిలో ఆగిన దవాఖానా తెలియాల్సిన జరూరత్ నమాజ్‌కు లేదు. జరూరత్ ఎవరికో ఉంది.

అయితే పైసలు కట్టేస్తే మసలా తీరిపోతుందా? నేనూ అలాగే అనుకున్నాను. అమెజాన్ ప్రైమ్ వీడియో చందా కట్టినవాళ్లకు కూడా మన దేశంలో 2025 జూన్ నుంచి ప్రకటనలు వస్తున్నాయి, వద్దంటే ఇంకొంత కట్టాలి. చందా కట్టడం గవాహీ కాదు. కాకపోతే చందా కట్టినవాడికి అడిగే హక్కు ఉంటుంది. మా మస్జిద్ కమిటీలో నెలకు ఎంతో కొంత వేసేవాడు ఏడాది హిసాబ్ రోజున లేచి నిలబడి, సున్నానికి ఇంత ఎందుకైంది అని అడుగుతాడు. ముఫ్త్‌గా తీసుకున్నవాడు ఆ మాట ఎవరిని అడుగుతాడు?

ఆ మస్జిద్ నోట్‌బుక్ గురించి ఇంకో మాట. అందులో ఒకాయన పేరు ఎదురుగా వెయ్యి ఉంటుంది, ఇంకొకాయన ఎదురుగా ఇరవై. కొందరి పేర్లే ఉండవు. ఎవరి హైసియత్ వాళ్లది. ఇమాం సాబ్ తన్‌ఖా అందులోంచే పోతుంది. అయినా సఫ్‌లో వెయ్యి వేసినవాడు ముందు, వేయనివాడు వెనక అని లేదు. ముందొచ్చినవాడు ముందు. నెట్‌లో చందా అడిగేవాళ్లు ఈ నోట్‌బుక్ చూడలేదు. వాళ్లకు అందరికీ ఒకటే వెల, కట్టనోడికి తలుపు మూసి. అబ్బా దుకాణంలో ఉర్దూ అఖ్బార్ హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చేది. చందా అబ్బాది. ఆయన పెద్దగా చదివితే మిషన్ల మీద కూర్చున్నవాళ్లు, కాజాలు కుట్టేవాళ్లు, ఊరికే వచ్చి కూర్చున్నవాళ్లు కలిసి ఏడెనిమిది మంది వినేవాళ్లు. వాళ్ల వంతు చాయ్. ఒక్క కాపీకి అంతమంది. ఇప్పుడు ఒక్క ఫోన్‌కు ఒక్క ఖాతా, పక్కవాడికి పాస్‌వర్డ్ ఇస్తే జుర్మ్.

మన దగ్గర మూడో దారి కూడా ఒకటి ఉంది, దాన్ని మర్చిపోయాం. మదీనాలో రూమా బావి కథ మీ అందరికీ తెలుసు. దాని యజమాని నీళ్లు అమ్ముకునేవాడు. హజ్రత్ ఉస్మాన్ ఆ బావినే కొని అందరికీ వక్ఫ్ చేశారు. తాగేవాడికి ముఫ్త్, కానీ ఖర్చు లేకుండా కాదు. ఎవరు పెట్టారో తెలుసు, బదులుగా తాగేవాడి నుంచి ఏమీ తీసుకోలేదనీ తెలుసు. మొహర్రంలో మన వీధుల్లో షర్బత్ సబీల్ కూడా అలాంటిదే. (ఈ మధ్య సబీల్ వెనక లీడర్ల ఫోటోలతో ఫ్లెక్సీలు కనిపిస్తున్నాయి. అంటే సబీల్ కూడా ఇష్తిహార్ అవుతోందన్నమాట.) నెట్‌లో కూడా సబీల్‌లు ఉన్నాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్ నుంచి ఉంది, ప్రకటన ఒక్కటీ లేదు, రాసేవాళ్లు పైసా తీసుకోరు, నడిచేది విరాళాల మీద. వాట్సాప్ పెట్టిన ఆ బ్రయాన్ ఆక్టన్ 2017లో ఫేస్‌బుక్ వదిలిపెట్టి, 2018లో 5 కోట్ల డాలర్లు పెట్టి సిగ్నల్ ఫౌండేషన్‌కు పునాది వేశాడు. సిగ్నల్ కూడా వాట్సాప్ లాంటిదే, ప్రకటనలు లేవు, చందా బలవంతం లేదు. మన ఖాందాన్ గ్రూపులో దాని సంగతి చెప్తే ఇద్దరు వచ్చారు. ఒకరు నా బేటీ.

ఇదంతా మన ఉర్దూలో, మన ఇళ్లలో ముందే ఉంది. ఖురాన్ షరీఫ్ కొనేటప్పుడు వెల ఎంత అనం, హదియా ఎంత అంటాం. కాగితానికి, అచ్చుకు, జిల్దు కట్టినవాడి చేతికి డబ్బు పోవాలి, కలామ్‌కు వెల కట్టకూడదు. ఆ రెండింటినీ కలపకుండా ఒక్క మాటతో పెద్దలు విడదీశారు. అబ్బాకు చివరికి నేను ఇదే చెప్పాను: మనం కట్టింది నమాజ్ టైంకి కాదు, ఆ యాప్ చేసినవాడి చేతికి.

ఆయన కాసేపు ఊరుకున్నారు. ఆయన దగ్గర ఎప్పటి నుంచో ఒక హిసాబ్ కాపీ ఉంది. పాలు, కిరాయి, మస్జిద్, అఖ్బార్. ఉర్దూలో రాస్తారు, అంకెలు మాత్రం ఇంగ్లీషువి. ఆ నెల పేజీ తీసి, అఖ్బార్ కింద 'అజాన్ చందా' అని రాసి నేను కట్టిన మొత్తం వేశారు. వేసి, కలం మూత పెట్టబోయి ఆగారు.

"ఉసే పైలే చార్ సాల్ ముఫ్త్ మే చలాయే నా అమ్మీ," అన్నారు. "ఓ చార్ సాల్ కా క్యా లియా హోంగా?"

అంతకు ముందు నాలుగేళ్లు మీ అమ్మీ ముఫ్త్‌గా వాడింది కదా, ఆ నాలుగేళ్లకు వాడు ఏం తీసుకుని ఉంటాడు? ఆ గడిలో ఏం వేయాలో నాకు తెలియలేదు. అమ్మీ ఫోన్ తీసుకుని, సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసి, ఊరి పేరు దగ్గర గద్వాల అని చేత్తో కొట్టాను. మగ్రిబ్ టైం మస్జిద్ నక్షాకు ఒక నిమిషం తేడా చూపించింది. అబ్బా మస్జిద్ నక్షానే చూస్తానన్నారు.